యూకేలో మ్యారేజ్ అలవెన్స్: భార్యాభర్తలు క్లెయిమ్ చేసుకునే పద్ధతి

యూకేలో ఉంటున్న మన కుటుంబాల్లో ఒకరిది పూర్తి జీతం, రెండోవారు పిల్లల్ని చూసుకుంటూనో, పార్ట్‌టైమ్ పని చేసుకుంటూనో ఉండటం మామూలే. అలాంటి ఇంటికి ఏడాదికి 252 పౌండ్ల దాకా పన్ను తగ్గించే మ్యారేజ్ అలవెన్స్ 2015 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నాలుగేళ్లు వెనక్కి వెళ్లి కూడా అడగవచ్చు. అంటే అన్ని ఏళ్లకూ అర్హత ఉండి ఒక్కసారీ అడగని జంటకు ఈ ఏడాదితో కలిపి 1,260 పౌండ్లు వస్తాయి. అయినా అర్హత ఉన్న చాలా ఇళ్లలో దీని జోలికే వెళ్లరు. వీసా మీద ఉన్నవాళ్లు ఇదేదో ప్రభుత్వ సాయం అనుకుని భయపడతారు. ఇంకొందరు ఎవరు అప్లై చేయాలో తెలియక మొదటి పేజీలోనే ఆగిపోతారు.

వీసా భయం ముందే తీర్చుకుందాం. మీ వీసా మీద ప్రభుత్వ నిధులు తీసుకోకూడదన్న షరతు ఉన్నా మ్యారేజ్ అలవెన్స్ తీసుకోవచ్చు. ఇమిగ్రేషన్ రూల్స్‌లో ప్రభుత్వ నిధులు అంటే ఏవేవో పేరుపేరునా జాబితా ఉంది. చైల్డ్ బెనిఫిట్, యూనివర్సల్ క్రెడిట్ లాంటివి అందులో ఉన్నాయి, మ్యారేజ్ అలవెన్స్ లేదు. పన్ను లెక్కలో మీకు చట్టం ఇచ్చిన మినహాయింపు ఇది. స్కిల్డ్ వర్కర్ అయినా, డిపెండెంట్ అయినా, స్టూడెంట్ అయినా నిశ్చింతగా అడగండి.

లెక్క ఎలా పనిచేస్తుంది

యూకేలో పన్ను సంవత్సరం ఏప్రిల్ 6న మొదలై తర్వాతి ఏప్రిల్ 5తో ముగుస్తుంది. ఒక్కొక్కరికి 12,570 పౌండ్ల ఆదాయం దాకా పన్ను ఉండదు, అదే పర్సనల్ అలవెన్స్. 2021-22 నుంచి ఈ అంకె మారలేదు. ఇద్దరిలో తక్కువ ఆదాయం ఉన్నవారు తమ అలవెన్స్‌లోంచి 1,260 పౌండ్లు రెండోవారికి బదిలీ చేస్తారు. అందుకున్నవారికి ఆ 1,260 మీద 20 శాతం, అంటే 252 పౌండ్లు పన్నులో తగ్గుతుంది. భాగం కోసి ఇవ్వడం కుదరదు. ఇస్తే పూర్తి 1,260 ఇవ్వాలి.

ఇచ్చేవారి ఆదాయం 12,570 లోపు ఉండాలి. తీసుకునేవారు బేసిక్ రేటులోనే పన్ను కట్టేవారై ఉండాలి, అంటే ఆదాయం 12,571 నుంచి 50,270 పౌండ్ల మధ్య. స్కాట్లాండ్‌లో నివసించేవారికి పైహద్దు 43,662 పౌండ్లు. ఎడిన్‌బరోలోనో గ్లాస్గోలోనో ఉంటూ ఇంగ్లాండ్ అంకె చూసుకుని అప్లై చేసేవాళ్లున్నారు. మీ పేస్లిప్ మీద ట్యాక్స్ కోడ్ 'ఎస్' అక్షరంతో మొదలైతే మీకు వర్తించేది స్కాట్లాండ్ హద్దు.

ఇచ్చేవారి ఆదాయం 11,310 పౌండ్ల లోపు ఉంటే ఏ చిక్కూ లేదు. 12,570లోంచి 1,260 తీసేస్తే మిగిలేది అంతే కాబట్టి వాళ్లకు కొత్తగా పన్ను పడదు, 252 మొత్తం ఇంటికి లాభమే. 11,310కీ 12,570కీ మధ్య ఉంటే కాస్త కాగితం మీద వేసి చూసుకోవాలి. భార్య జీతం 12,000 అనుకోండి. బదిలీ తర్వాత ఆమెకు మిగిలిన అలవెన్స్ 11,310. మిగతా 690 మీద 20 శాతం, అంటే 138 పౌండ్లు ఆమె కట్టాలి. భర్తకు 252 తగ్గుతుంది. ఇంటికి నికరంగా మిగిలేది 114. ఆమె జీతం సరిగ్గా 12,570 అయితే ఆమె కట్టేదీ ఆయనకు తగ్గేదీ సమానం, శ్రమ దండగ.

తీసుకునేవారి వైపు కూడా ఒక కొస ఉంది. ఆయన ఆదాయం 13,000 మాత్రమే అయితే కట్టే పన్నే 86 పౌండ్లు, తగ్గేది కూడా అంతవరకే. మిగతాది డబ్బుగా చేతికి ఇవ్వరు. యూకేకు వచ్చిన మొదటి ఏడాది కొన్ని జంటలకు ఇదే అవుతుంది. ఏడాది మధ్యలో దిగితే ఏప్రిల్ 5 లోపు ఇద్దరి సంపాదనా 12,570 దాటకపోవచ్చు, అప్పుడు బదిలీ చేసినా తగ్గించడానికి పన్నే ఉండదు. అలాంటప్పుడు ఆ ఏడాదిని వదిలేసి తర్వాతి ఏడాది నుంచి చూసుకోండి.

ఏ ఆదాయం లెక్కలోకి వస్తుంది

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పేస్లిప్ మీద అంకె ఒక్కటీ చూసి నిర్ణయించకూడదు.

ఉద్యోగి అయితే పన్ను సంవత్సరం ముగిశాక కంపెనీ ఇచ్చే పీ60 కాగితంలో 'పన్ను కోసం చూపిన జీతం' ఎంతో చూడండి. ఆఫర్ లెటర్‌లో ఉన్న జీతం పక్కన పెట్టండి. ఎన్‌హెచ్ఎస్‌లో పనిచేసే డాక్టర్లు, నర్సులు ఈ తేడా గమనించాలి. అక్కడ పెన్షన్ చందా పన్ను లెక్కకు ముందే జీతంలోంచి పోతుంది. 54,000 జీతంలో 5,000 పెన్షన్‌కు వెళ్తే పన్ను లెక్కకు వచ్చేది 49,000, అర్హత ఉన్నట్టే. కంపెనీల్లో శాలరీ శాక్రిఫైస్ (జీతంలో కొంత వదులుకుని దాన్ని కంపెనీ చేత పెన్షన్‌లో వేయించుకునే) పద్ధతిలో పెన్షన్ కట్టేవారికీ అంతే. "నా జీతం యాభై వేలు దాటింది, నాకు రాదు" అని వదిలేసినవాళ్లు పీ60 తీసి మళ్లీ చూసుకోవాలి.

బోనస్ దీనికి ఎదురు దిశలో పనిచేస్తుంది. మార్చిలో వచ్చిన బోనస్‌తో మొత్తం 50,270 దాటి హయ్యర్ రేటు పన్ను ఒక్క పౌండు మీద పడినా ఆ ఏడాది 252 మొత్తం పోతుంది. కొద్దికొద్దిగా తగ్గించే పద్ధతి ఇందులో లేదు. ఆ ఏడాది ముగియకముందే పెన్షన్‌లో కొంత అదనంగా వేస్తే మళ్లీ హద్దులోకి రావచ్చు. హద్దుకు రెండు మూడు వందలు మాత్రమే పైన ఉన్నవాళ్లు మార్చి నెలలో ఈ లెక్క చూసుకుంటే మంచిది.

ప్రసూతి సెలవు ఉన్న ఏడాదిని ప్రత్యేకంగా చూడండి. సాధారణంగా 30,000 సంపాదించే తల్లి, సెలవులో ఉన్న ఏడాది 12,570 కంటే కిందికి రావచ్చు. కంపెనీ ఇచ్చే స్టాట్యుటరీ మెటర్నిటీ పే పన్ను లెక్కలోకి వస్తుంది, ప్రభుత్వం నేరుగా ఇచ్చే మెటర్నిటీ అలవెన్స్ రాదు. చైల్డ్ బెనిఫిట్ కూడా ఈ ఆదాయంలో కలవదు. అర్హత ఏ ఏడాదికి ఆ ఏడాదే చూస్తారు. ఉద్యోగంలో చేరిన ఏడాది, మానేసిన ఏడాది, చదువుకున్న ఏడాది, సెలవు పెట్టిన ఏడాది, ఒక్కొక్కటీ విడిగా తీసి చూడండి.

ఇంట్లో చిన్నగా కేటరింగ్, ట్యూషన్లు, కుట్టుపని చేసేవారికి ఏడాదికి 1,000 పౌండ్ల వరకు వచ్చిన రాబడి ట్రేడింగ్ అలవెన్స్ కింద లెక్కలోకి రాదు. అది దాటితే రిటర్న్ వేయాలి, ఆ లాభం ఇక్కడ కూడా కలుస్తుంది.

ఇండియాలోని ఆదాయం

యూకే రెసిడెంట్ అయ్యాక ఇండియాలో వచ్చే ఆదాయం కూడా ఇక్కడి పన్ను లెక్కలోకి వస్తుంది. ఎన్ఆర్ఈ డిపాజిట్ వడ్డీకి ఇండియాలో పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకోవడం పెద్ద పొరపాటు. యూకేలో ఆ వడ్డీ పన్ను పరిధిలోనే ఉంటుంది.

హైదరాబాద్‌లో భార్య పేరిట ఫ్లాట్ ఉంది, నెలకు 25,000 రూపాయలు అద్దె వస్తోంది అనుకుందాం. ఏడాదికి 3 లక్షలు. పౌండుకు 110 రూపాయలు వేసుకుంటే సుమారు 2,700 పౌండ్లు. ఇక్కడ ఆమె పార్ట్‌టైమ్ జీతం 10,500 ఉంటే రెండూ కలిపి 13,200 అవుతుంది, మరమ్మతుల లాంటి ఖర్చులు తీసేశాక ఎంత మిగిలిందో చూడాలి. 12,570 దాటితే బదిలీ వల్ల ఇంటికి మిగిలేది ఏమీ ఉండదు.

వడ్డీ సంగతి కాస్త వేరు. అదే జీతం 10,500 ఉండి, అద్దె బదులు 20 లక్షల డిపాజిట్ మీద 7 శాతం చొప్పున 1,40,000 రూపాయల వడ్డీ, అంటే సుమారు 1,270 పౌండ్లు వస్తే మొత్తం 11,770. అంకె 11,310 దాటింది కదా అని భయపడక్కర్లేదు. జీతం తక్కువ ఉన్నవారికి వడ్డీ మీద 5,000 పౌండ్ల వరకు సున్నా శాతం పన్ను రేటు ఉంది. అందుకని ఈమెకు బదిలీ తర్వాత కూడా పన్ను పడదు, ఇంటికి 252 పూర్తిగా మిగులుతుంది.

ఇండియా లెక్కలు మార్చి 31కి ముగుస్తాయి, ఇక్కడివి ఏప్రిల్ 5కి. ఐటీఆర్‌లో ఉన్న అంకెను అలాగే దించకుండా, మార్చి ఆఖరున, ఏప్రిల్ మొదట్లో పడిన మొత్తాలు ఏ ఏడాదివో బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూసుకోండి.

కొత్తగా వచ్చినవాళ్లకు ఇంకో మెలిక ఉంది. 2025 ఏప్రిల్ 6 నుంచి, అంతకుముందు వరుసగా పదేళ్లు యూకే రెసిడెంట్ కాకుండా ఉండి వచ్చినవారు మొదటి నాలుగేళ్లు విదేశీ ఆదాయం మీద ఇక్కడ పన్ను లేకుండా మినహాయింపు అడగవచ్చు. ఇండియాలో పెద్ద అద్దెలు ఉన్నవాళ్లకు ఏజెంట్లు దీన్ని సూచిస్తుంటారు. కానీ ఆ మినహాయింపు అడిగిన ఏడాది పర్సనల్ అలవెన్స్ పోతుంది, దానితో పాటే మ్యారేజ్ అలవెన్స్ కూడా. అంతకుముందు ఏళ్లలో రెమిటెన్స్ బేసిస్ (విదేశీ ఆదాయంలో యూకేకు తెచ్చుకున్నదానికే పన్ను కట్టే పద్ధతి) క్లెయిమ్ చేసినవారిదీ ఇదే పరిస్థితి. ఇండియా ఆదాయం కొద్దిగానే ఉంటే ఆ మినహాయింపు అడగకుండా, ఆదాయం చూపించి, అలవెన్సులు ఉంచుకోవడమే ఎక్కువ ఇళ్లకు మేలు.

పెళ్లి, తేదీ, పేర్లు

చట్టబద్ధంగా పెళ్లయిన జంట, లేదా సివిల్ పార్ట్‌నర్‌షిప్ నమోదైన జంట అయి ఉండాలి. కలిసి ఉండటం ఒక్కటే చాలదు. ఇండియాలో చట్టప్రకారం జరిగిన పెళ్లి ఇక్కడ చెల్లుతుంది. ఇంగ్లాండ్‌లో గుళ్లోనో హాల్లోనో పురోహితుడి చేత పెళ్లి చేసుకుని రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించని జంటలు జాగ్రత్త పడాలి. ఆ వేడుక ఎంత ఘనంగా జరిగినా, రిజిస్ట్రేషన్ లేకపోతే పన్ను చట్టం దృష్టిలో పెళ్లి జరగనట్టే.

ఏడాదిలో ఏ రోజు పెళ్లయినా ఆ పన్ను సంవత్సరానికి పూర్తి 252 వస్తుంది, నెలల వారీగా కోత ఉండదు. ఏప్రిల్ 5న పెళ్లయినా అంతే.

ఫారంలో పెళ్లి తేదీ అడుగుతారు. మన ముహూర్తాలు అర్ధరాత్రి దాటాక రావడం వల్ల శుభలేఖలో ఒక తేదీ, సర్టిఫికెట్‌లో మరో తేదీ ఉండటం కద్దు. పెళ్లి ఒక ఏడాది జరిగి, వీసా కోసమని ఆ తర్వాత ఎప్పుడో రిజిస్టర్ చేయించిన జంటలు కూడా ఎక్కువే. సర్టిఫికెట్ మీద 'వివాహం జరిగిన తేదీ' అని ఉన్నదే రాయండి, రిజిస్ట్రేషన్ తేదీ రాయవద్దు. సర్టిఫికెట్ జత చేయమని మామూలుగా అడగరు, అయినా స్కాన్ చేసి దగ్గర పెట్టుకోండి.

ఇంటిపేర్లు ఇంకో తలనొప్పి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఒక గడిలో ఉంటే, పేరోల్‌లో అవి తారుమారు అయి ఉంటాయి. భార్య పుట్టింటి ఇంటిపేరుతోనే ఉండటం వల్ల అభ్యంతరం ఏమీ లేదు. కానీ మీరు రాసే పేరు, పుట్టిన తేదీ, నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ మూడూ యూకే పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ రికార్డులో ఉన్నట్టే ఉండాలి. లేకపోతే 'వివరాలు సరిపోలలేదు' అన్న మాటే మళ్లీ మళ్లీ వస్తుంది. భాగస్వామి పీ60 పక్కన పెట్టుకుని, అందులో ఉన్న వరుసలోనే టైపు చేయండి.

అప్లై చేయడం

అప్లై చేయాల్సింది ఇచ్చేవారు, అంటే తక్కువ ఆదాయం ఉన్నవారు. ఇంట్లో పన్ను పనులన్నీ భర్తే చూసుకున్నా ఆయన లాగిన్‌తో ఇది జరగదు. భార్యది తక్కువ ఆదాయమైతే ఆమె పేరిట, ఆమె ఖాతాలోంచి వెళ్లాలి.

ముందు ఇద్దరి నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్ఐ) నంబర్లు కావాలి. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఉద్యోగం చేయని వారికి అది ఉండకపోవచ్చు. ఉద్యోగం చూసుకోవడానికి సిద్ధంగా ఉంటే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా అప్లై చేసుకోవచ్చు. కొందరికి పాత బీఆర్‌పీ (వీసా వివరాలుండే బయోమెట్రిక్) కార్డు వెనకవైపే ఆ నంబర్ అచ్చయి ఉండేది, మీ పాత కార్డు ఫొటో ఉంటే చూడండి.

తర్వాత గవ్ డాట్ యూకే సైట్‌లో మ్యారేజ్ అలవెన్స్ పేజీకి వెళ్లి, ఇచ్చేవారి గవర్నమెంట్ గేట్‌వే (ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలకు లాగిన్) ఖాతాతో లాగిన్ కావాలి. గుర్తింపు కోసం పీ60, ఇటీవలి పేస్లిప్, యూకే డ్రైవింగ్ లైసెన్స్ లాంటి వాటిలోంచి వివరాలు అడుగుతుంది. భాగస్వామి పేరు, ఎన్ఐ నంబర్, పుట్టిన తేదీ, పెళ్లి తేదీ ఇచ్చాక, ఏయే ఏళ్లకు కావాలో ఎంచుకోమంటుంది. ఈ ఏడాదితో పాటు అర్హత ఉన్న పాత ఏళ్లు కూడా ఇక్కడే టిక్ చేయండి. చాలామంది ఈ ఏడాది ఒక్కటే ఎంచుకుని బయటికి వచ్చేస్తారు.

యూకేలో ఎప్పుడూ పనిచేయనివారికి పీ60, పేస్లిప్ రెండూ ఉండవు, కాబట్టి గుర్తింపు దగ్గరే ఆన్‌లైన్ దారి మూసుకుపోవచ్చు. రోజుల తరబడి దానితో కుస్తీ పట్టకుండా ఎంఏటీసీఎఫ్ అనే పేపర్ ఫారం డౌన్‌లోడ్ చేసి నింపి, సంతకం పెట్టి పోస్టులో పంపండి. లేదా హెచ్ఎంఆర్‌సీ ఇన్‌కమ్ ట్యాక్స్ హెల్ప్‌లైన్ 0300 200 3300కు ఇచ్చేవారే ఫోన్ చేయాలి. పక్కన భర్త కూర్చుని సాయం చేయవచ్చు, కానీ గుర్తింపు ప్రశ్నలకు జవాబు ఆమే చెప్పాలి.

ఇచ్చేవారు సెల్ఫ్ అసెస్‌మెంట్ రిటర్న్ వేసేవారైతే అందులోనే మ్యారేజ్ అలవెన్స్ భాగం నింపితే చాలు. తీసుకునేవారి రిటర్న్‌లో ఆ భాగం నింపకూడదు. ఇద్దరూ నింపేసి లెక్క తలకిందులు చేసుకునేవారు ఉన్నారు.

పాత ఏళ్లకు గడువు: ఆ పన్ను సంవత్సరం ముగిశాక నాలుగేళ్లు. 2021-22కు 2026 ఏప్రిల్ 5 ఆఖరు రోజు, 2022-23కు 2027 ఏప్రిల్ 5, 2023-24కు 2028 ఏప్రిల్ 5. గడువు దాటితే ఎంత బతిమాలినా ఆ ఏడాది రాదు. అర్హత ఉన్న ఏళ్లలో మీరిద్దరూ పెళ్లయి, ఇక్కడ పన్ను పరిధిలో ఉండి ఉండాలి. ఇద్దరూ ఇండియాలో ఉన్న ఏళ్లను టిక్ చేయకండి.

డబ్బు ఎలా వస్తుంది

ఈ ఏడాదిది డబ్బుగా రాదు, ట్యాక్స్ కోడ్ మారి నెలజీతంలో కలుస్తుంది. తీసుకునేవారి కోడ్ 1257ఎల్ నుంచి 1383ఎం అవుతుంది, ఇచ్చేవారు ఉద్యోగంలో ఉంటే వారిది 1131ఎన్ అవుతుంది. నెలకు పడేది 21 పౌండ్లు. ఏడాది మధ్యలో అప్లై చేస్తే అప్పటిదాకా రావాల్సిందంతా కోడ్ మారిన మొదటి జీతంలో కలిసి వస్తుంది. కోడ్ చివర 'ఎం1' అనో 'ఎక్స్' అనో ఉంటే మాత్రం పాత నెలలవి కలవవు, ఏడాది ముగిశాక సర్దుతారు. పేస్లిప్ మీద ఎం అక్షరం వచ్చిందో లేదో రెండు మూడు నెలలు గమనించండి, రాకపోతే ఫోన్ చేయండి.

పాత ఏళ్ల డబ్బు తీసుకునేవారి పేరిటే వస్తుంది, ఎందుకంటే ఎక్కువ పన్ను కట్టింది వాళ్లే. అప్లై చేసింది భార్య అయినా రిఫండ్ భర్త పేరున వస్తుందని ముందే తెలిస్తే, ఆమె ఖాతాలో పడలేదని కంగారు ఉండదు. ఇల్లు మారినవాళ్లు అప్లై చేసేముందే హెచ్ఎంఆర్‌సీ దగ్గర అడ్రస్ మార్చుకోండి. చెక్కు, ఉత్తరం పాత ఇంటికి వెళ్తే మళ్లీ తెప్పించుకోవడం నెలల పని.

ఈ పనంతా ఉచితం. ఫేస్‌బుక్‌లో 'మీకు 1,260 పౌండ్లు రావాలి' అంటూ కనిపించే ప్రకటనల వెనక ఎక్కువగా రిఫండ్ ఏజెంట్లే ఉంటారు. హెచ్ఎంఆర్‌సీ పేజీలా కనిపించే సైట్‌లో వివరాలు తీసుకుని, వచ్చినదాంట్లో సగం దాకా ఫీజు కింద కోస్తారు. ఒకప్పుడు సంతకం పెట్టించుకుని రిఫండ్ హక్కునే తమ పేర రాయించుకునేవారు. 2023 మార్చి 15 నుంచి అలాంటి రాతలు చెల్లవు, కానీ ఫీజు తీసుకోవడం ఆగలేదు. పది నిమిషాల ఫారం కోసం మీ కష్టార్జితంలో సగం ఎవరికీ ఇవ్వకండి.

ఆపడం, మార్పులు

ఒకసారి ఈ ఏడాదికి అప్లై చేస్తే ఏటా దానంతట అదే కొనసాగుతుంది. మేలే, కానీ మరిచిపోయే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. ఇచ్చేవారు ఫుల్‌టైమ్ ఉద్యోగంలో చేరితే వారికి 252 పెరిగి, రెండోవారికి 252 తగ్గి సమానం అవుతుంది. తీసుకునేవారి జీతం 50,270 దాటితే మాత్రం ఆ 252 హెచ్ఎంఆర్‌సీ వెనక్కి తీసుకుంటుంది, ఏడాది పన్ను లెక్క సరిచూసి పంపే పీ800 అనే ఉత్తరం ద్వారానో, తర్వాతి ఏడాది కోడ్ తగ్గించో. ఇంక్రిమెంట్, ఉద్యోగ మార్పు వచ్చినప్పుడు ఒకసారి చూసుకుని, అవసరం లేకపోతే ఇచ్చేవారి ఖాతాలోంచే రద్దు చేయాలి. ఆదాయం మారినందుకు రద్దు చేస్తే ఆ ఏడాది ఆఖరు దాకా నడిచి ఏప్రిల్ 6 నుంచి ఆగుతుంది. విడాకులైనా, చట్టబద్ధంగా విడిపోయినా ఆ ఏడాది మొదటి నుంచే ఆపే వీలుంది.

ఇద్దరిలో ఒకరు 1935 ఏప్రిల్ 6కు ముందు పుట్టినవారైతే వారికి మ్యారీడ్ కపుల్స్ అలవెన్స్ అనే వేరే పథకం ఉంది, రెండూ కలిపి తీసుకోవడం కుదరదు.

భాగస్వామి చనిపోయినా, బతికి ఉన్నప్పుడు అర్హత ఉన్న ఏళ్లకు మిగిలినవారు క్లెయిమ్ చేయవచ్చు. 2017 నవంబరు 29 నుంచి ఈ వెసులుబాటు ఉంది. దీనికి ఆన్‌లైన్‌లో ప్రయత్నించకుండా నేరుగా హెల్ప్‌లైన్‌కే ఫోన్ చేయండి. చనిపోయినవారి ఎన్ఐ నంబర్, మరణ తేదీ, పెళ్లి తేదీ దగ్గర పెట్టుకుంటే ఒక్క ఫోన్‌లోనే పని మొదలవుతుంది.